తల పైకి తిరిగే చిన్న ఫ్లాష్ కోసం సికింద్రాబాద్‌లో ఒక శనివారం

ఈ ప్రయాణంలో దూరం తక్కువ. సీతాఫల్‌మండిలో బయల్దేరి బన్సీలాల్‌పేట్‌లో ముగిసింది. మధ్యలో మూడు దుకాణాలు, ఒక ఇడ్లీ బండి, ఒక ఆటో. అయినా రాస్తున్నాను. డిజిటల్ రేంజ్‌ఫైండర్ కెమెరాకు సరిపోయే చిన్న ఫ్లాష్ జంటనగరాల్లో ఎక్కడ దొరుకుతుందో, ఏం చూసి కొనాలో చెప్పే తెలుగు ముక్క నాకు ఇంటర్నెట్‌లో ఎక్కడా కనిపించలేదు. నాలాగే ఇంకొకరు వెతుకుతూ ఉండవచ్చు. రోజువారీ ఖర్చు రాసుకునే అలవాటు ఉంది కాబట్టి ధరలు సరిగ్గానే చెప్పగలను.

వెళ్ళడానికి కారణం మా అక్క. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు ఆమెకు కొడుకు పుట్టాడు. ఏడో నెలలోనే పుట్టడం వల్ల చాలా రోజులు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉన్నాడు. ఇంటికి వచ్చాక బారసాల చేశారు. ఆ రోజు ఫోటోలు నేనే తీశాను, ఫ్లాష్ లేకుండా, ట్యూబ్‌లైట్ వెలుతురులో. దాదాపు అన్నీ కదిలిపోయాయి. అక్క కంప్యూటర్ ముందు కూర్చుని అన్నీ చివరిదాకా చూసింది. కోప్పడలేదు. "అరిటిపళ్ళ పళ్ళెం బాగా వచ్చిందిరా. అవి కదల్లేదు కదేటి" అంది. మేము బొబ్బిలి వైపు వాళ్ళం. అక్క కోపం అలాగే ఉంటుంది.

ఇప్పుడు అన్నప్రాసన. పిల్లవాడికి మొదటి అన్నం పెట్టి, వాడి ముందు పుస్తకం, కలం, బంగారం లాంటివి పరిచి, దేన్ని ముందుగా పట్టుకుంటాడో చూస్తారు. అక్క ఫోన్‌లో ఒకే మాట చెప్పింది. "మిగతావి ఎలాగున్నా ఫరవాలేదు. ఆడు పట్టుకునేది మాత్రం సరిగ్గా తియ్యి. మళ్ళీ పట్టుకోమంటే పట్టుకోడు." ఆ వెనకనుంచే బావ తల్లి బాలమ్మ గారి గొంతు వినిపించింది. "లైటు గిట్ల కొట్టద్దని చెప్పు. పోరని కండ్లు ఇంక లేతగున్నయి." బావ వాళ్ళది మొదటినుంచీ బన్సీలాల్‌పేటే. డాక్టరు ఏమీ కాదన్నాడని అక్క చెబుతూనే ఉంది, ఆవిడ వినడం లేదు. అంటే అక్క వాళ్ళ చీకటి గదిలో వెలుతురు కావాలి, ఆ వెలుతురు పిల్లవాడి ముఖం మీద సూటిగా పడకూడదు. తల పైకి తిరిగి కప్పు మీద కొట్టే ఫ్లాష్ కావాలి.

నా కెమెరా గురించి కొంచెం చెప్పాలి. నేను రాణిగంజ్‌లో నీటి మోటార్ల విడిభాగాల దుకాణంలో బిల్లులు రాస్తాను. ఫోటోగ్రఫీ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకు పదిహేను రూపాయలిచ్చి చదువుకున్నదే. మా యజమాని మేనల్లుడు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. విదేశం నుంచి తెచ్చుకున్న ఈ కెమెరా తనంతట తాను ఫోకస్ చేసుకోదని విసుగొచ్చి నాకు తక్కువకు ఇచ్చేశాడు. ఇది రేంజ్‌ఫైండర్ రకం, చూసే కిటికీ వేరు, లెన్స్ వేరు. కిటికీలో ఒకే బొమ్మ రెండుగా కనిపిస్తుంది. లెన్స్ తిప్పితే రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చుంటాయి. అప్పుడు ఫోకస్ కుదిరినట్టు. ప్రతి ఫోటో తరువాత పాత రీలు కెమెరాల్లాగా బొటనవేలితో లీవర్ లాగాలి. వెనక ఉన్న తెరను మడిచేస్తే ఎవరూ దీన్ని డిజిటల్ అనుకోరు.

శనివారం సెలవు పెట్టి తొమ్మిది దాటాక సీతాఫల్‌మండి స్టేషన్‌లో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కాను. టికెట్టు నాలుగు రూపాయలు. బస్సయితే వంతెన దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోతుంది, రైలే మేలు. సికింద్రాబాద్‌లో దిగి ఆర్.పి. రోడ్డు వైపు నడుస్తూ దారిలో ఒక బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. ప్లేటు ఎనిమిది రూపాయలు, పల్లీ చట్నీ అడిగినంత. బండి ఆయన నా మెడలో కెమెరా చూసి గరిటె ఆపాడు.

"అన్నా, పేపరోళ్ళా?"

"కాదండీ."

"పెండ్లిళ్ళకు తీస్తరా?"

"లేదండీ, ఊరికే."

"ఊరికేనా! గింత బరువు ఊరికే మోస్తున్నవా అన్నా" అని పక్కన తింటున్నవాళ్ళకు చూపించి నవ్వాడు. ఇంకో ఇడ్లీ మాత్రం డబ్బు తీసుకోకుండా వేశాడు.

ఆర్.పి. రోడ్డులో స్టూడియో సామాను అమ్మే ఒక పాత దుకాణానికి ముందు వెళ్ళాను. యజమాని పెద్దాయన, గల్లా వెనక ఫ్యాన్ కింద కూర్చుని ఉన్నాడు. కెమెరా చేతికిస్తే లీవర్ ఒకసారి లాగి ముచ్చటపడ్డాడు.

"మంచి పాత మాల్ పెట్టినవ్ భాయ్. రీలు సుత ఇయ్యాల్నా?"

"ఇది డిజిటలండీ."

"లీవర్ ఉన్నంక డిజిటల్ ఏంది? నన్ను పరేషాన్ చెయ్యకు."

వెనక తెర తెరిచి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి చూసి, "డిజిటలయినంక లీవరెందుకు పెట్టిండ్రు? తీట గాకపోతే" అన్నాడు. తరువాత బీరువాలోనుంచి ఒక ఫ్లాష్ తీశాడు. చిన్నదే, అరచేతిలో పడుతుంది, తల పైకి తిరుగుతుంది. వాడినది, నాలుగు వందలు. "రీలు కెమెరా లెక్కనే ఉంది గద, రీలు ఫ్లాషే మంచిగ కూసుంటది" అన్నాడు.

ఇక్కడ చదివేవాళ్ళు కొంచెం జాగ్రత్తగా ఉండాలి. పాత ఫ్లాష్‌లలో కొన్నింటికి కెమెరాను తాకే చోట రెండు వందల ఓల్ట్‌ల పైన ఉంటుంది. రీలు కెమెరా లోపల రెండు లోహపు ముక్కలు కలవడమే తప్ప ఇంకేమీ ఉండదు కాబట్టి దానికి ప్రమాదం లేదు. డిజిటల్‌లో అక్కడ సున్నితమైన సర్క్యూట్ ఉంటుంది. ఒక్క దెబ్బకు పోతుంది. ఈ సంగతి తెలిసే మా దుకాణంలో మోటార్లకు వాడే మీటర్ సంచిలో వేసుకుని వచ్చాను. ఫ్లాష్‌లో బ్యాటరీలు వేసి, స్విచ్ నొక్కి, అడుగున ఉన్న చుక్కకు ఒక తీగ, పక్క అంచుకు ఒక తీగ ఆనించాను. మూడు ఓల్ట్‌లు చూపించింది. నాకు చాలా సంతోషమైంది. తీగలు చుట్టేసి కెమెరా తీసి ఫ్లాష్‌ను దాని నెత్తిమీద గాడిలోకి తోయబోయాను.

అప్పుడు ఫ్లాష్ వెనక ఎర్ర దీపం వెలిగింది.

అంటే అప్పటిదాకా అది నిండలేదు. నిండకముందే కొలిచాను. ఫ్లాష్‌ను బల్లమీద పెట్టి మళ్ళీ తీగలు ఆనిస్తే రెండు వందల ముప్పై చూపించింది. మోటార్ల దుకాణంలో పనిచేస్తూ, నడవని మోటారును కొలిచి బాగుందన్నట్టు చేశాను. పెద్దాయనకు విషయం చెబితే ఆశ్చర్యపోయాడు. "ముప్పై ఏండ్ల నుంచి అమ్ముతున్న, ఒక్కడు గిట్ల తీగలు పెట్టి చూడలె. ఫ్లాషా, కరెంటు మోటరా భాయ్ అది?" అన్నాడు. కాని కోపం చేసుకోలేదు. ప్యారడైజ్ దగ్గర కొత్త షోరూం ఉందని, అక్కడ చూడమని చెప్పాడు.

అక్కడికి నడిచే వెళ్ళాను. ఏసీ షోరూం. టై కట్టుకున్న సేల్స్‌మన్ మర్యాదగా మాట్లాడాడు. వాళ్ళ దగ్గర ఉన్న కొత్త ఫ్లాష్‌లన్నీ డిజిటల్‌కు సరిపోయేవే, తలలు కూడా పైకి తిరుగుతాయి. ఒకటి తగిలించి చూపించాడు. కెమెరా కంటే ఫ్లాష్ పొడుగ్గా ఉంది. చేతిలో పట్టుకుంటే ముందుకు ఒరిగిపోతోంది. చిన్న కెమెరా మీద బరువైన ఫ్లాష్ పెడితే ఫోకస్ తిప్పడానికి ఎడమ చెయ్యి ఖాళీగా ఉండదు, మోయడానికే సరిపోతుంది. ధర తొమ్మిది వేలు దాటింది. "సార్, ఇంకొంచెం వేసుకుంటే లోపలే ఫ్లాష్ ఉన్న కొత్త కెమెరా వచ్చేస్తుంది. దీన్ని ఎక్స్చేంజ్‌లో ఇచ్చెయ్యండి" అన్నాడు. ఎంత వస్తుందని అడిగాను. చెప్పాడు. కెమెరా సంచిలో పెట్టుకుని బయటికి వచ్చేశాను.

మధ్యాహ్నమైంది. రేపు పొద్దున్నే కార్యక్రమం. ఉట్టి చేతులతో వెళితే మళ్ళీ అరటిపళ్ళే మిగులుతాయి. వెనక్కి జనరల్ బజార్ దాకా వచ్చి, చీరల దుకాణాల మధ్య ఒక సందులో మేడమీద ఉన్న కెమెరాల రిపేరు గదికి వెళ్ళాను. లెన్స్‌కు పట్టిన బూజు తీయించుకోవడానికి ఒకసారి అక్కడికి వెళ్ళి ఉన్నాను. యజమాని సలీం భాయ్ అప్పుడే టిఫిన్ డబ్బా విప్పుతున్నాడు.

"తలకాయ పైకి తిరిగే చిన్న ఫ్లాష్ కావాలి భాయ్. ఓల్టేజీ తక్కువ ఉండాలి."

"ఓల్టేజ్ గీల్టేజ్ నాకు తెల్వది. ఆ ట్రేల అన్ని ఫ్లాష్‌లే. నువ్వు చూస్కుంటుండు, నేను ఖానా తింట" అని ఒక పెద్ద ప్లాస్టిక్ ట్రే నా వైపు తోశాడు.

నేలమీద కూర్చుని ఒక్కొక్కటే తీశాను. ఈసారి బ్యాటరీలు వెయ్యడం, దీపం వెలిగేదాకా ఆగడం, ఆ తరువాతే తీగలు ఆనించడం. మొదటిది నూట డెబ్బై. రెండోది వెలగనే లేదు. మూడోది రెండు వందల పైనే. సలీం భాయ్ తింటూనే ఆసక్తిగా ముందుకు వంగాడు.

"ఆ నల్లది ఎంత?"

"నూట నలభై."

"తోబా! రోజూ దాన్నే జేబుల వేస్కొని తిరుగుతుంటి" అని తన చొక్కా జేబు తడుముకున్నాడు. తరువాత ప్రతి ఫ్లాష్‌కు ముందే ఒక అంకె చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కటీ సరిపోలేదు. కింద చీరల దుకాణంలో పనిచేసే ఇద్దరు పైకి వచ్చి నిలబడ్డారు. వాళ్ళకు ఇది ఏమిటో తెలియదు, అంకె పెద్దదైతే మాత్రం "అబ్బో" అంటున్నారు.

అడుగున ఒకటి మిగిలింది. అగ్గిపెట్టెలు నాలుగు పేర్చినంత ఉంటుంది. రెండు బ్యాటరీలు చాలు. తల పట్టుకుని లాగితే టక్కున పైకి తిరిగి కప్పు వైపు చూసింది. బ్యాటరీలు వేశాను. దీపం కొంచెం ఆలస్యంగా వెలిగింది. తీగలు ఆనించాను.

"రెండు వందలు" అన్నాడు సలీం భాయ్.

ఆరు ఓల్ట్‌లు.

నమ్మకం కుదరక మళ్ళీ కొలిచాను. ఆరే. కెమెరా మీద తగిలించి, తల పైకి తిప్పి, నొక్కాను. గది ఒక్కసారి తెల్లబడింది. తెర మీద సలీం భాయ్ నోట్లో ముద్దతో స్పష్టంగా, ముఖం మీద ఎక్కడా మెరుపు లేకుండా ఉన్నాడు. కెమెరా పనిచేస్తూనే ఉంది. నాకు అప్పుడు మంచినీళ్ళు కావాలనిపించింది. ఆయన పదిహేను వందలన్నాడు, పదకొండు వందలకు ఇచ్చాడు. "నోట్ల ముద్దున్నది తీసెయ్యి భాయ్, బేగం చూస్తే నవ్వుతది" అన్నాడు. ఆయన ముందే తీసేశాను.

జనరల్ బజార్ నుంచి బన్సీలాల్‌పేట్‌కు ఆటోలో వెళ్ళాను. మీటరు మీద పద్నాలుగు రూపాయలైంది. డ్రైవరు ఇంటి దగ్గర దింపుతూ "షాదీ ఉన్నదా అన్నా ఇంట్ల?" అన్నాడు. గుమ్మానికి అప్పుడే మామిడాకులు కట్టారు. మేనల్లుడి అన్నప్రాసన అని చెబితే, "అయితే నువ్వే పెద్దమనిషివి రేపు" అని వెళ్ళిపోయాడు. ఆ మాట నేను పట్టించుకోలేదు.

లోపల అక్క, బావ నర్సింగ్, బాలమ్మ గారు ఉన్నారు. గది చిన్నది, కిటికీ ఒకటే. కప్పు మాత్రం తక్కువ ఎత్తు, కొత్తగా వేసిన తెల్ల సున్నం. దాన్ని చూసి నాకు సగం దిగులు పోయింది. బాలమ్మ గారు ఫ్లాష్ చూడగానే పిల్లవాడిని కొంగుతో కప్పేశారు.

"అగో, చెప్పిన గద బాబూ వద్దని."

"వాడి మీద పడదు అత్తయ్యగారూ. కప్పు మీద పడి కిందికి దిగుతుంది."

"అవన్ని నాకు తెల్వయి. ముందుగాల నా కండ్లకు కొట్టు."

ఆవిడ పీట మీద నిటారుగా కూర్చున్నారు. ముందు ఫ్లాష్‌ను సూటిగా పెట్టి తీశాను. "వామ్మో, కండ్లు పోయినయి! ఆకుపచ్చగ కనవడుతున్నరు రా అందరు!" అన్నారు. బావ పకపకా నవ్వాడు. తరువాత తల పైకి తిప్పి తీశాను. ఆవిడ అలాగే కూర్చుని ఉన్నారు.

"ఊఁ, కొట్టు మరి."

"అయిపోయిందండీ."

"ఎప్పుడు?"

తెర చూపించాను. ఆవిడ తన ముఖాన్ని చాలాసేపు చూసుకుని కొంగు కింది నుంచి పిల్లవాడిని బయటికి తీశారు. అనుమతి వచ్చినట్టే. టీ తాగుతూ హాయిగా గోడకు ఆనుకున్నాను. అప్పుడు అక్క బియ్యం చాటలో రాళ్ళు ఏరుతూ అడిగింది.

"ఇంతకీ ఫోటోలు ఎవరు తీస్తార్రా?"

"ఎవరేమిటి? నేనే."

"నువ్వు తీస్తే ఆడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తినిపించేదెవరు? మన వైపు మొదటి ముద్ద మేనమామే కదేటి పెట్టాలి. ఆ తర్వాత నడుం పట్టుకుని వస్తువుల ముందు దించేదీ నువ్వే."

టీ గ్లాసు కింద పెట్టేశాను. ఓల్ట్‌లు కొలిచాను, బరువు చూశాను, కప్పు రంగు చూశాను. మేనమామనన్న సంగతి మరిచిపోయాను. ఇరవై రోజులుగా కెమెరా వెనక నుంచే ఆలోచించాను. బావ, అక్క పక్కన కూర్చోవాలి. తనంతట తాను ఫోకస్ చేసుకోని కెమెరా చుట్టాల చేతికిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. స్టూడియో అతనికి ఫోన్ చేస్తానన్నాడు బావ. ముహూర్తాల రోజు, ఎవరూ దొరకలేదు.

"నాకు చూపెట్టు" అన్నారు బాలమ్మ గారు. "రేపు నాకేం పని? గుమ్మం కాడ నిలవడుడే గద."

అక్క మామగారు పోయినప్పటి నుంచి ఆవిడ శుభకార్యాల్లో ముందుకు రారు. అక్క ఎన్నిసార్లు పిలిచినా గుమ్మం దగ్గరే నిలబడతారు. గుమ్మం నుంచి చాపకు దూరం ఎంతో కొలిచాను. ఏడడుగులు. లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎపర్చరు ఐదు పాయింట్ ఆరు, ఫోకస్ ఆ ఏడడుగుల మీద పెట్టి లెన్స్‌ను కాగితపు టేపుతో కదలకుండా అంటించాను. ఆవిడ చెయ్యాల్సింది కిటికీలోంచి చూసి నొక్కడం, లీవర్ లాగడం, ఫ్లాష్ వెనక దీపం వెలిగేదాకా ఆగడం. దిండును పిల్లవాడిగా పెట్టి సాధన చేశాం. ఆవిడ ఏళ్ళ తరబడి కుట్టు మిషన్ మీద జాకెట్లు కుట్టిన మనిషి, వేళ్ళకు లీవర్ త్వరగానే అలవాటైంది. "నొక్కు, గుంజు, ఎర్రది చూడు" అని తనలో తాను అనుకుంటూ దిండును పదిసార్లు తీశారు. పదీ స్పష్టంగా వచ్చాయి.

మరునాడు పొద్దున పరమాన్నం ముద్ద పెట్టాను. గుమ్మం దగ్గర నుంచి ఫ్లాష్ వెలిగింది, పిల్లవాడు కన్ను కూడా ఆర్పలేదు. తరువాత చాప మీద పుస్తకం, కలం, అక్క గొలుసు పరిచారు. బావ చివరి నిమిషంలో తన కంప్యూటర్ మౌస్ తెచ్చి అన్నిటికంటే ముందు పెట్టాడు. "ఇదేట్రా కొత్త వేషం" అని అక్క అంటున్నా వినలేదు. వాడిని నడుం పట్టుకుని దించాను. వాడు కలం వైపు చూశాడు. పుస్తకం మీద చెయ్యి ఆడించాడు. చుట్టూ అందరూ వంగారు. అందరికంటే ఎక్కువ వంగింది బావ. "అటు కాదు నాన్నా, ఇటు, ఇటు" అంటూ గుమ్మానికీ పిల్లవాడికీ మధ్య అడ్డంగా వచ్చేశాడు. వాడి చెయ్యి మౌస్ తీగ మీద పడుతోంది. నా రెండు చేతులూ వాడి నడుం మీదే ఉన్నాయి. బావను పక్కకు జరగమనబోయి నోరు తెరిచాను.

"జరుగు రా నర్సింగ్! నీ ఈపు తీయనీకా నేనున్నది?"

ఆ కేకకు గది అంతా ఆగిపోయింది. బాలమ్మ గారు గుమ్మం దాటి, చుట్టాలను మోచేత్తో తోసుకుంటూ గోడవారగా లోపలికి వచ్చేశారు. పిల్లవాడు కూడా మౌస్‌ను గుప్పిట పట్టుకుని అలాగే తల ఎత్తి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ నొక్కారు.

పిల్లవాడిని అక్క చేతికిచ్చి తెర చూశాను. వాడి వేళ్ళు, మౌస్ తీగ, నోటి చివర అన్నం మెతుకు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆవిడ గోడవారగా వచ్చినా దూరం ఇంచుమించు ఏడడుగులే, అందుకే ఫోకస్ తప్పలేదు. ఫ్లాష్ సూటిగా కొట్టేదైతే ఆవిడ పక్కకు వచ్చినందుకు గోడంతా నీడ పడేది. వెలుతురు కప్పు మీద నుంచి దిగింది కాబట్టి ఆవిడ ఎక్కడ నిలబడ్డా ఒకటే అయింది. అక్క ఫోటో చూసి, నన్ను చూసి, "నీ నోరు మూయించాల్సింది, అదొక్కటే" అంది. ఫోటోలో నేను నోరు తెరుచుకుని ఉన్నాను. బాలమ్మ గారు మాత్రం తిరిగి గుమ్మం దగ్గరకు వెళ్ళలేదు. చాప పక్కనే కూర్చుని, లీవర్ గుంజి, ఎర్ర దీపం కోసం చూస్తున్నారు. "మనుమడు కంపూటరోడు అయితడంట. ఇంకోటి తీస్త, ఇటు చూడుండ్రి" అంటున్నారు.

ఒక రోజు తిరుగుడు, ఒక అన్నప్రాసన తరువాత నాకు అర్థమైంది కొంచెమే. ఫ్లాష్ ఎన్నుకునేటప్పుడు నేను కెమెరాకు ఏది సరిపోతుందో అనే చూశాను. అది ముందుగా సరిపోవాల్సింది ఆ గదికి, ఆ గదిలోని మనుషులకు. కప్పు ఎత్తు, గోడల రంగు, ఎవరు కూర్చుంటారు, ఎవరు నిలబడతారు అనేవి తెలిశాక ఏ ఫ్లాష్ కావాలన్నది పెద్ద ప్రశ్న కాదు. ఆ ఫోటోను పెద్ద సైజులో వేయించి అక్కకు ఇచ్చాను. ఆ రాత్రి చాలా రోజుల తరువాత పడుకోగానే నిద్రపట్టింది.

ఈ పని మీద వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన: ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి శనివారం పొద్దున్నే వెళ్ళండి, ఛార్జ్ చేసిన మంచి బ్యాటరీలు రెండు జతలు మీవే తీసుకెళ్ళండి. దుకాణాల్లో ఇచ్చేవి తరచుగా నీరసించి ఉంటాయి, వాటితో మంచి ఫ్లాష్ కూడా చెడ్డదిలాగే కనిపిస్తుంది.